ఆరు శాతమా, అసలు లెక్కా? విశాఖ క్యాబ్ డ్రైవర్లకు ఆదాయపు పన్ను ఎంపిక

గాజువాక నుంచి మధురవాడ దాకా యాప్ పెట్టుకుని కారు తిప్పేవాళ్లని పన్ను గురించి కదిపితే రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "మనకి పన్నేటి, ఆయిలుకే సరిపోవట్లేదు". రెండోది, "నెట్ సెంటర్లో ఐటీ వేయించేశాను, ఎంత చూపించారో తెలీదు". మొదటి మాటలో చాలావరకు నిజం ఉంది. నన్ను బాధపెట్టేది రెండోదే. ఐటీ రిటర్ను అంటే ఏడాది ఆదాయం ఇంతని పన్ను శాఖకి చెప్పే కాగితం; దాని మీద ఎవరో వేసిన అంకె మన పాన్ కార్డుకి అతుక్కుపోతుంది. మూడేళ్ల తర్వాత బండి మార్చుకుందామని బ్యాంకుకి వెళ్తే మేనేజరు చూసేది ఆ అంకెనే.

ఓలా, ఉబర్, ర్యాపిడో లాంటి యాప్‌ల మీద సొంత బండి తిప్పేవాళ్లకి జీతం ఉండదు, ఫారం-16 (జీతం, దాని మీద పట్టిన పన్ను చూపే కాగితం) ఉండదు. చట్టం దృష్టిలో మీరు చిన్న వ్యాపారి. బైక్ ట్యాక్సీ తిప్పినా అంతే. వ్యాపారి కాబట్టి లాభాన్ని ఎలా లెక్కగట్టాలన్నది కొంతవరకు మీ చేతిలోనే ఉంది. అంచనా పద్ధతిలో చూపించవచ్చు, పద్దులు రాసి అసలు ఖర్చులు తీసేసి చూపించవచ్చు. ఆ పైన కొత్త పన్ను విధానమా, పాతదా అన్నది మరో ఎంపిక.

ముందు భయం తీరే మాట చెబుతాను. 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి కొత్త విధానంలో 4 లక్షల వరకు పన్ను లేదు. ఆపైన శ్లాబుల ప్రకారం పన్ను లెక్కపడుతుంది గానీ, మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే 87ఏ సెక్షన్ కింద 60,000 వరకు రిబేటు (పన్నులో తగ్గింపు) వచ్చి అది సున్నా అయిపోతుంది. ఇక్కడ ఆదాయం అంటే యాప్‌లో కనిపించే వసూలు కాదు, ఖర్చులు పోగా మిగిలింది. విశాఖలో ఒక్క కారు తిప్పే మనిషికి ఖర్చులు పోగా ఏడాదికి 12 లక్షలు మిగలడం దాదాపు జరగని పని. అంటే ఏ పద్ధతి ఎంచుకున్నా కట్టాల్సిన పన్ను సున్నాయే. పన్ను తగ్గించుకోవడం కోసం ఈ పోలిక అక్కర్లేదు. కాగితం మీద ఏ ఆదాయం కనిపించాలి, దానికి ఆధారం ఏమిటి, రేపు ఎవరైనా అడిగితే నిలబడుతుందా అన్నవి చూసుకుని ఎంచుకోవాలి.

అంచనా పద్ధతి: 44ఏడీ

సెక్షన్ 44ఏడీ ప్రకారం పద్దులు రాయకుండానే మొత్తం వసూలులో ఇంత శాతం లాభం అని చూపించవచ్చు. నగదుగా వచ్చినదాని మీద 8 శాతం. యూపీఐ, కార్డు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ద్వారా వచ్చినదాని మీద 6 శాతం. ప్రయాణికుడు మీ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పంపిన డబ్బు కూడా 6 శాతంలోకే వస్తుంది. ఏడాది వసూలు 2 కోట్లు దాటనంతవరకు ఇది దొరుకుతుంది. వేసే రిటర్ను ఫారం ఐటీఆర్-4. చూడటానికి ఇంత తేలికైన దారి మరొకటి లేదు.

అయితే మొత్తం వసూలు అంటే ఏమిటన్న దగ్గరే ఎక్కువమంది లెక్క తప్పుతుంది. బ్యాంకు ఖాతాలో వారం వారం పడిన డబ్బునే వసూలు అనుకుంటారు. ప్రయాణికుడు 400 ఇచ్చిన బేరంలో యాప్ తన కమీషన్ 80 పట్టుకుని 320 మీ ఖాతాలో వేసిందనుకోండి. మీ వసూలు 400, ఆ 80 మీ ఖర్చు. యాప్ కంపెనీ 194-ఓ సెక్షన్ కింద మీ పాన్ మీద ఆదాయపు పన్ను శాఖకి చెప్పేదీ కమీషన్ పట్టుకోకముందు ఉన్న మొత్తాన్నే. ఆ మొత్తం మీద 0.1 శాతం టీడీఎస్, అంటే మీకు ఇచ్చేముందే పట్టుకునే పన్ను, పడుతుంది. 2024 అక్టోబరు 1కి ముందు అది 1 శాతం ఉండేది. పాన్ లేదా ఆధార్ ఇచ్చిన వ్యక్తికి ఆ యాప్ ద్వారా ఏడాది వసూలు 5 లక్షలు మించకపోతే టీడీఎస్ పట్టరు. ఇవ్వకపోతే మాత్రం 5 శాతం పోతుంది. కాబట్టి రిటర్ను వేసేముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో 26ఏఎస్, ఏఐఎస్ (మీ పాన్ మీద నమోదైన వసూలు, పట్టిన పన్ను చూపే పత్రాలు) రెండూ తెరిచి చూడండి. అక్కడ 9 లక్షలు కనిపిస్తుంటే రిటర్నులో 7 లక్షలు రాయడమంటే నోటీసును ఇంటికి పిలిచినట్టే. పట్టిన టీడీఎస్ కొన్ని వందలే అయినా అది మీ డబ్బు. పన్ను సున్నా అయినప్పుడు రిటర్ను వేస్తేనే వెనక్కి వస్తుంది.

ఛార్జీ మీద ఉండే 5 శాతం జీఎస్టీ మీ వసూలు కాదు. కమీషన్ పద్ధతిలో దాన్ని యాప్ కంపెనీయే కడుతుంది, ఆ బేరాల కోసం మీరు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు.

కమీషన్ లేకుండా రోజువారీ పాస్ కట్టి తిప్పే పద్ధతిలో ఛార్జీ మొత్తం నేరుగా డ్రైవరు చేతికే వస్తుంది, కొంత నగదు, కొంత ఫోన్‌పే. అప్పుడు మొత్తం వసూలు ఎంతో మీరే రాసుకోవాలి. దీనికి పెద్ద పద్దు పుస్తకం అవసరం లేదు. బేరాలకి ఒక బ్యాంకు ఖాతా విడిగా పెట్టుకుని, బండి క్యూఆర్ దానికే కట్టేస్తే సగం పని అయిపోతుంది. చిట్టీ డబ్బులు, ఇంటికి పంపినవి, బావగారు తీర్చిన అప్పు, బేరం డబ్బు అన్నీ ఒకే ఖాతాలో కలిస్తే, ఏది వసూలో రేపు అడిగినవాళ్లకి చెప్పలేరు. నగదు బేరాల మొత్తం మాత్రం ఏ రోజుకారోజు డైరీలో ఒక ముక్క రాసుకుంటే చాలు.

పద్దుల పద్ధతి

ఇందులో వసూలు మొత్తం చూపించి, ఒక్కో ఖర్చు తీసేసి, మిగిలినదే లాభం అంటారు. ఫారం ఐటీఆర్-3. సీఎన్‌జీ లేదా డీజిల్, యాప్ కమీషన్ లేదా పాస్, ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్, రోడ్డు ట్యాక్స్, టైర్లు, సర్వీసింగ్, టోల్, పార్కింగ్, ఫోన్ రీఛార్జి, ఇవన్నీ ఖర్చులే. ఈఎంఐలో వడ్డీ ఖర్చు అవుతుంది, అసలు అవదు. ఈ ఒక్క విషయం చాలామందికి మింగుడుపడదు, ఎందుకంటే జేబులోంచి పోయేది మొత్తం కిస్తీయే కదా. అసలుకి బదులు చట్టం తరుగుదల, అంటే బండి పాతబడి తగ్గే విలువని ఖర్చుగా, ఇస్తుంది. కిరాయికి తిప్పే ట్యాక్సీ మీద ఏడాదికి 30 శాతం, అదీ తగ్గుతూ వచ్చే విలువ మీద. కొన్న ఏడాది బండి 180 రోజుల కన్నా తక్కువ తిరిగితే అందులో సగమే. మరో సంగతి, ఒక్క రోజులో ఒకే మనిషికి 10,000 మించి నగదుగా ఇచ్చిన ఖర్చు లెక్కకి రాదు. ఇంజిన్ పనికి మెకానిక్‌కి 18,000 నోట్లు లెక్కపెట్టి ఇస్తే ఆ ఖర్చు పోయినట్టే. ఫోన్‌పే చేస్తే నిలుస్తుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించుకున్నవే గానీ, మీవి పెట్టుకుని చూసుకోవచ్చు. ఏడాది వసూలు 9,60,000. అందులో నగదు 3,60,000, డిజిటల్ 6,00,000. ఆయిలు 2,70,000, కమీషన్ 1,50,000, లోను వడ్డీ 60,000, టైర్లు, సర్వీసింగ్ 55,000, ఇన్సూరెన్స్ 40,000, ఎఫ్‌సీ, పర్మిట్ వగైరా 15,000, ఫోన్ 6,000. ఖర్చు మొత్తం 5,96,000. చేతిలో మిగిలింది 3,64,000. దీంట్లోంచే లోను అసలు కట్టాలి, ఇల్లు గడవాలి. 8 లక్షలకి కొన్న బండి రెండో ఏడాదిలో ఉంటే, మొదటి ఏడాది 2,40,000 పోగా మిగిలిన 5,60,000 మీద 30 శాతం, తరుగుదల 1,68,000. అది కూడా తీసేస్తే పద్దుల ప్రకారం లాభం 1,96,000. అదే 44ఏడీలో కనీస లెక్క వేస్తే నగదు మీద 28,800, డిజిటల్ మీద 36,000, కలిపి 64,800.

ఒకే మనిషి, ఒకే బండి, ఒకే ఏడాది. కాగితం మీద మూడు ఆదాయాలు: 64,800, 1,96,000, 3,64,000. మూడింటికీ పన్ను సున్నా.

ఆరు శాతం కనీసం మాత్రమే

నెట్ సెంటర్లలో చేసే పని ఏమిటంటే వసూలు అడిగి, కనీస శాతం కొట్టి, సబ్మిట్ చేసేస్తారు. అలా ఆ డ్రైవరు ఏడాదికి 64,800, అంటే నెలకి 5,400 సంపాదించే మనిషిగా రికార్డులోకి ఎక్కుతాడు. నెలకి పదిహేను వేలు కిస్తీ కడుతూ, ఇద్దరు పిల్లల్ని చదివిస్తూ 5,400తో ఎలా బతుకుతున్నాడని ఎవరైనా అడిగితే జవాబేది? కొత్త బండికి లోను అడిగినప్పుడు బ్యాంకు రెండు మూడేళ్ల రిటర్నులు తెమ్మంటుంది. 5,400 ఆదాయానికి పదివేల కిస్తీ కూడా ఇవ్వరు. అప్పుడు ఎక్కువ వడ్డీ ప్రైవేటు ఫైనాన్సు గుమ్మమే దిక్కవుతుంది. పన్ను సున్నాయే అయినప్పుడు తక్కువ ఆదాయం చూపించి మిగుల్చుకున్నది ఏమీ లేదు, పోగొట్టుకున్నది మాత్రం చాలా ఉంది.

44ఏడీ సెక్షన్‌లో 8, 6 శాతాలు కనీసం మాత్రమే. అంతకన్నా ఎక్కువ సంపాదించానంటే ఆ ఎక్కువ మొత్తాన్నే చూపించవచ్చని అందులోనే ఉంది. అందుకే ఒక్క కారు తిప్పేవాళ్లకి నా సలహా ఇది: 44ఏడీ, ఐటీఆర్-4, కానీ ఆదాయం గడిలో ఆ కనీస శాతం బదులు నిజంగా మిగిలినది రాయండి. పైన చెప్పిన డ్రైవరు 3,64,000 రాస్తాడు. పద్దుల బరువు లేదు, ఆడిట్ లేదు, పన్ను లేదు, బ్యాంకు చూసే అంకె ఆయన బతుకుకి దగ్గరగా ఉంది.

ఇదే మాటని అటువైపు లాగి, పన్ను ఎలాగూ లేదు కదా అని లోను కోసం 7 లక్షలు రాయించేవాళ్లూ ఉన్నారు. అది చేయకండి. బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకటి చెబుతూ రిటర్ను ఇంకోటి చెబితే రెండూ చెల్లవు. పైగా లేని ఆదాయానికి ఇచ్చిన లోను కిస్తీ ఉన్న ఆదాయంలోంచే కట్టాలి.

మరి పద్దుల పద్ధతి ఎవరికి? నిజంగా లాభం ఆరు శాతం కన్నా తక్కువ వచ్చినవాళ్లకి, లేదా నష్టం వచ్చినవాళ్లకి. అరకు ట్రిప్పుల కోసం పెద్ద బండి కొన్నారు, యాక్సిడెంట్ అయి నెలల తరబడి షెడ్డులో ఉంది, వడ్డీ ఆగలేదు. అప్పుడు పద్దులు రాసి గడువులోగా రిటర్ను వేస్తే ఆ వ్యాపార నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకి తీసుకెళ్లి లాభం నుంచి తగ్గించుకోవచ్చు. అలాగే మూడు నాలుగు కార్లు పెట్టి, డ్రైవర్లకి జీతాలిచ్చి తిప్పుతూ పెద్ద లోనుకి వెళ్లేవాళ్లని బ్యాంకు లాభనష్టాల ఖాతా, బ్యాలెన్స్ షీటు అడుగుతుంది. వాళ్లు పద్దుల్లోకి రావడమే మంచిది, ఆడిటర్ గారి ఫీజు అక్కడ దండగ కాదు.

కానీ అటూ ఇటూ దూకడానికి వీల్లేదు. ఒక ఏడాది 44ఏడీలో వేసి, తర్వాతి ఐదేళ్లలో ఎప్పుడైనా అందులోంచి బయటికొచ్చి కనీస శాతం కన్నా తక్కువ లాభం చూపిస్తే, ఆపై ఐదేళ్లు మళ్లీ 44ఏడీ దొరకదు. ఆ కాలంలో ఆదాయం కనీస మినహాయింపు పరిమితి దాటితే పద్దులు, ఆడిట్ రెండూ తప్పవు. మొదటిసారి రిటర్ను వేసేవాళ్లు ఇది ఆలోచించుకునే మొదలుపెట్టాలి. ఒక్క బండే ఉండి, వచ్చే ఐదేళ్లూ ఇలాగే తిప్పుతాననుకుంటే 44ఏడీ. వచ్చే ఏడు పెద్ద బండి కొని మొదటి ఏడాదే తరుగుదలతో నష్టం చూపించుకోవాలనే ఆలోచన ఉంటే, ముందు ఆడిటర్‌తో ఒక గంట కూర్చోండి.

రిటర్ను వేస్తే పథకాలు పోతాయా?

స్టాండుల్లో పన్ను కన్నా ఎక్కువ భయపెట్టే ప్రశ్న ఇదే, దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. మహిళలకి ఉచిత బస్సు 2025 ఆగస్టు 15న మొదలయ్యాక, అదే ఏడాది అక్టోబరు 4న రాష్ట్ర ప్రభుత్వం 'ఆటో డ్రైవర్ల సేవలో' కింద సొంత ఆటో, ట్యాక్సీ, మ్యాక్సీ క్యాబ్ నడిపేవాళ్లకి 15,000 చొప్పున ఇచ్చింది. ఇలాంటి పథకాలకి కుటుంబంలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదన్న షరతు ఉంటుంది. రిటర్ను వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. సున్నా పన్నుతో వేసిన రిటర్ను మిమ్మల్ని పన్ను కట్టేవాడిగా మార్చదు. అయినా పన్ను కట్టేవాళ్లన్న పేరుతో జాబితాలో ఆపితే, పన్ను సున్నా అని కనిపించే రిటర్ను కాపీ, రసీదు తీసుకుని వార్డు సచివాలయంలో అభ్యంతరం పెట్టుకోవాలి. కాగితం చేతిలో ఉన్నవాడికే ఆ వాదన ఉంటుంది.

కొత్త విధానంలో ఆదాయం 4 లక్షల లోపుంటే, భారీ టీడీఎస్ లాంటి ప్రత్యేక షరతులు తగలకపోతే, రిటర్ను వేయడం తప్పనిసరి కాదు. లోను అవసరం లేదు, టీడీఎస్ పోలేదు అనుకునేవాళ్లు వేయకపోయినా చట్టం తప్పుపట్టదు. కానీ రెండేళ్లలో బండి మార్చే ఆలోచన ఉన్నవాళ్లు ఇప్పటి నుంచే వేయాలి. పాత సంవత్సరాల రిటర్నులు లోనుకి వెళ్లే వారంలో పుట్టవు. 4 లక్షలు దాటినవాళ్లకి మాత్రం పన్ను సున్నా అయినా రిటర్ను తప్పనిసరి. గడువు దాటితే ఆదాయం 5 లక్షల లోపు ఉంటే 1,000, ఆపైన 5,000 ఆలస్య రుసుము.

కొత్తదా, పాతదా

దీనికి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. పాత విధానంలో రిబేటు 5 లక్షల ఆదాయం వరకే. ఎల్ఐసీ, పిల్లల స్కూలు ఫీజు కలిపి 80సీ కింద 1.5 లక్షలు, ఆరోగ్య బీమాకి 25,000 ఆదాయంలోంచి తగ్గించుకున్నా, కొత్త విధానంలోని 12 లక్షలకి అది అందుకోలేదు. పైగా వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు పాతదానికి వెళ్లాలంటే గడువులోగా 10-ఐఈఏ ఫారం వేయాలి, తిరిగి కొత్తదానికి రావడానికి ఒక్క అవకాశమే ఉంటుంది. డ్రైవర్లలో నూటికి తొంభై తొమ్మిది మందికి కొత్త విధానమే. మీ పేరున లేని ఎల్ఐసీలు, కట్టని విరాళాలు చూపించి రిఫండు తెప్పిస్తామనే ఏజెంట్లు దగ్గరికొస్తే ఆమడ దూరం ఉండండి. సంతకం మీది, నోటీసూ మీకే.

దారి మారే సందర్భాలు

సొంత బండి కాకుండా ఓనరు కారు రోజు అద్దెకి తిప్పేవాళ్లు యాప్ ఐడీ ఎవరి పాన్ మీద ఉందో చూసుకోవాలి. ఐడీ డ్రైవరు పేరున ఉంటే వసూలు మొత్తం డ్రైవరుదే, ఓనరుకిచ్చే అద్దె ఖర్చు. ఐడీ ఓనరు పేరున ఉంటే వసూలు, టీడీఎస్ రెండూ ఓనరు పాన్ మీదే పడతాయి. కార్లు అటాచ్ చేసి వదిలేసే ఓనర్లు ఇది గమనించక, 26ఏఎస్‌లో తమ పేరున లక్షలు చూసి ఉలిక్కిపడతారు. ఇద్దరి మధ్య ఒక చిన్న ఒప్పంద పత్రం, అద్దె బ్యాంకు ద్వారా ఇవ్వడం, ఈ రెండూ ఇద్దరినీ కాపాడతాయి.

సరుకు బండి తిప్పేవాళ్లకి 44ఏడీ కాదు, 44ఏఈ. పది బండ్లకి మించనివాళ్లకి చిన్న సరుకు వాహనం ఒక్కోదానికి నెలకి 7,500 లాభం కింద లెక్క. ట్రాన్స్‌పోర్టే కదా అని ప్రయాణికుల క్యాబ్‌ని కూడా ఇందులో వేసేస్తుంటారు, అది తప్పు. పగలు ప్లాంటులో కాంట్రాక్టు జీతం, సాయంత్రం బైక్ ట్యాక్సీ అయితే రెండూ ఐటీఆర్-4లోనే పడతాయి. ఊళ్లో పొలం ఉండి వ్యవసాయ ఆదాయం 5,000 దాటితే మాత్రం ఐటీఆర్-4 కుదరదు, ఐటీఆర్-3కి వెళ్లాలి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ బండి తిప్పేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

ఎవరితో వేయించాలి?

ఒక్క బండి, 44ఏడీ అయితే పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు; ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయో అబ్బాయో పక్కన కూర్చుంటే ఇంకా తేలిక. బయట వేయించినా పోర్టల్‌లో మీ ఫోన్ నంబరు, మీ ఈమెయిలే ఉండాలి, పాస్‌వర్డు మీ దగ్గరే ఉండాలి. సెంటరు వాళ్ల ఈమెయిల్ పెడితే నోటీసు వాళ్లకి వెళ్తుంది, మీకు తెలిసేసరికి గడువు దాటిపోతుంది. సబ్మిట్ నొక్కేముందు "మొత్తం వసూలు ఎంత వేశారు, ఆదాయం ఎంత వేశారు" అని ఈ రెండు అంకెలు చూపించమనండి. వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఇ-వెరిఫై చేయాలి, లేకపోతే వేయనట్టే.

ఆదాయం 12 లక్షలు దాటి, టీడీఎస్ పోను పన్ను 10,000 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న కొద్దిమంది అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది ముగియకముందే కట్టే పన్ను) కట్టాలి. 44ఏడీలో ఉన్నవాళ్లకి అది మార్చి 15లోగా ఒకే వాయిదా. పద్దుల్లో ఉన్నవాళ్లకి జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15వ తేదీలకి నాలుగు వాయిదాలు.

2026 ఏప్రిల్ 1 నుంచి సంపాదించేది కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025 కిందికి వస్తుంది. అందులో ఈ అంచనా పద్ధతి 58వ సెక్షన్‌లో ఉంది. 2025-26 రిటర్ను వరకు మాత్రం 44ఏడీ అనే అడగండి.